తరగతి గదిలో స్ట్రీమింగు వీడియో: గుణదోష విమర్శ

విజ్ఞాన శాస్త్రమును చెవితో వినుటకంటె కంటితో చూచి నేర్చుకొనుట మేలను మాట పాతదే. కణము రెండుగా చీలుట, అగ్నిపర్వతము బ్రద్దలగుట, సంపూర్ణ గ్రహణ సమయమున సూర్యుని చుట్టు కనబడు కాంతివలయము మొదలగువానిని నల్లబల్లమీద సుద్దముక్కతో చూపుట కష్టము. ఈ లోటును చలనచిత్రము తీర్చగలదు. అంతర్జాలము పాఠశాలలకు చేరిన పిమ్మట ఫిలిము చుట్టలుగాని, డిస్కులుగాని లేకుండగనే వేలకొలది పాఠములు ఉపాధ్యాయులకు అందుబాటులోనికి వచ్చినవి. ఇది సామాన్యమైన లాభము కాదు.

అయినను ఒక సాధనము గొప్పదనుట వేరు. అది తరగతిలో పనికివచ్చుననుట వేరు. 45 నిమిషముల పీరియడులో బొమ్మ మొదలగుటకే 10 నిమిషములు పట్టినదనుకొందము. తరగతిలో 50 మంది ఉన్నచో, పోయినది 10 నిమిషములు కాదు. పిల్లల లెక్కలో అది 500 నిమిషములు. ఇంటిలో ఒంటరిగా చూచువాడు ఓర్చుకొనగల ఆలస్యమును తరగతి ఓర్చుకొనజాలదు. కావున స్ట్రీమింగు వీడియోను తూచుటకు రెండు ప్రమాణములను పెట్టుకొనవలెను. ఒకటి, అది పీరియడులో ఎన్ని నిమిషములు మ్రింగుచున్నది? రెండు, చివరి బల్లమీది విద్యార్థికి అది కనబడి, వినబడుచున్నదా?

ప్రవాహమునకు మూలము

చిత్రమునంతయు ముందుగా దింపుకొని చూచుట ఒక పద్ధతి. దిగుచుండగనే చూచుట రెండవ పద్ధతి. దీనినే స్ట్రీమింగు అందురు. దీని వెనుకనున్న లెక్క విద్యార్థులు చేయదగినదే. అడ్డముగా 1280, నిలువుగా 720 చుక్కలు గల బొమ్మలో ఒక్కొక్క చుక్క రంగును తెలుపుటకు 24 బిట్లు, సెకనుకు 25 బొమ్మలు అనుకొన్నచో, సెకనుకు 55 కోట్ల 29 లక్షల 60 వేల బిట్లు పంపవలసివచ్చును. ఇంత భారమును సామాన్యమైన పాఠశాల కనెక్షను మోయజాలదు. అందుచేత బొమ్మను కుదింతురు. ఒక బొమ్మకు, తరువాతి బొమ్మకు నడుమ మారని భాగమును మరల పంపరు. కన్ను అంతగా గుర్తింపని సూక్ష్మభేదములను వదలివేయుదురు. 2003లో ప్రమాణముగా వెలువడిన హెచ్.264 పద్ధతిలో ఇట్టి చిత్రము సెకనుకు 20 లక్షల బిట్లతో, అనగా 2 మెగాబిట్లతో, చూడదగినట్లుండును. అసలు భారములో ఇది సుమారు 276వ వంతు మాత్రమే.

ఇట్లు కుదించిన చిత్రమును కొద్ది సెకన్ల తునకలుగా కోసి, ఒక్కొక్క తునకను అనేక నాణ్యతలలో సర్వరులో సిద్ధముగా నుంచెదరు. 2009లో ఆపిల్ సంస్థ తెచ్చిన పద్ధతియు, 2012లో అంతర్జాతీయ ప్రమాణముగా వచ్చిన డ్యాష్ పద్ధతియు ఇట్టివే. వెనుకటి తునక ఎంతసేపటిలో చేరినదో ప్లేయరు చూచుకొనును. దానినిబట్టి తరువాతి తునకను మేలైన నాణ్యతలోనో, తక్కువ నాణ్యతలోనో కోరును. ముందుగా వచ్చిన తునకలను కొంత నిలువ చేయును. ఈ నిలువకే బఫరు అని పేరు.

బఫరు నీటితొట్టి వంటిది. కొళాయి నుండి వచ్చు నీరు, అడుగు నుండి పోవు నీటికంటె తక్కువైనచో, తొట్టి ఎంత పెద్దదైనను ఎప్పుడో ఒకప్పుడు ఎండవలసినదే. చిత్రమునకు సెకనుకు 2 మెగాబిట్లు కావలెను, కనెక్షను 1.5 మెగాబిట్లే ఇచ్చుచున్నది; నిలువలో 20 సెకన్ల చిత్రము, అనగా 40 మెగాబిట్లు ఉన్నవి. సెకనుకు అర మెగాబిటు చొప్పున లోటుపడగా, 80 సెకన్లలో తొట్టి ఖాళీయగును. తెరమీద చక్రము తిరుగును. కొంతసేపు ఆపియుంచినచో మొత్తము చిత్రము నిండుననుకొని ఎదురుచూచుట పలుచోట్ల కనబడు అలవాటు. నేటి ప్లేయర్లలో చాలవరకు ముందున్న కొద్దిభాగమునే నిలువచేసి ఊరకుండును. కావున ఆ ఎదురుచూపు వలన ఫలము తక్కువ.

మొదటి దోషము: సూక్ష్మము మొదట పోవుట

వేగము తగ్గినప్పుడు బొమ్మ ఆగిపోకుండ నాణ్యతను తగ్గించుట ఈ పద్ధతిలోని చాతుర్యము. పాటకో, ఆటకో ఇది చాలును. విజ్ఞానపాఠమున మాత్రము ఈ చాతుర్యమే ముప్పు తెచ్చును. బ్యూరెట్టులో ద్రవము ఏ గీతవద్ద నిలిచినదో, ఉష్ణమాపకములో పాదరసము ఎంతవరకు ఎక్కినదో, ఆకు అడుగుభాగమున పత్రరంధ్రములు ఎట్లున్నవో చూపుటకే గదా చిత్రము! నాణ్యత పడిపోయినప్పుడు ముందుగా మాయమగునవి ఆ గీతలు, ఆ రంధ్రములే. ఉపాధ్యాయుని ముఖము కనబడుచునే యుండును. ఆయన చూపుచున్న వస్తువు మసకబారును. ఏది ముఖ్యమో యంత్రమునకు తెలియదు. తెలిసిన ఉపాధ్యాయులు నాణ్యతను యంత్రమునకు విడువక, కనెక్షను మోయగలిగినంత మేరకు తామే ఎన్నుకొని స్థిరపరచుట మంచిది.

రెండవ దోషము: ఒక్కొక్కరికి ఒక్కొక్క ప్రతి

ఈ విషయమున పాత చరిత్రను ఒకసారి తిరగవేయుట అవసరము. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు మన దేశమున ఉపగ్రహ బోధనా ప్రయోగము జరిగినది. అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహము ద్వారా 6 రాష్ట్రములలోని సుమారు 2400 గ్రామములకు కార్యక్రమములు అందినవి. వానిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. గ్రామములలో సుమారు 3 మీటర్ల వ్యాసముగల తీగవల ఏంటెన్నాలను నిలిపిరి. ఉదయవేళ బడిపిల్లలకు హిందీ, ఒరియా, తెలుగు, కన్నడ భాషలలో ఒక్కొక్కదానికి 22న్నర నిమిషముల చొప్పున పాఠములు వచ్చెడివి. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుండి ఎగసిన ఎడ్యుశాట్ ఉపగ్రహము విద్యకొరకే ఏర్పడినది. దాని సేవ 2010లో ముగిసినది. 2017లో కేంద్ర ప్రభుత్వము స్వయంప్రభ చానళ్లను, తెలంగాణ ప్రభుత్వము టీ-శాట్ చానళ్లను ఆరంభించినవి.

ప్రసారములో ఒక గుణము కలదు. ఆకాశము నుండి దిగు తరంగమును ఒక గ్రామము పట్టుకొన్నను, 2400 గ్రామములు పట్టుకొన్నను ఉపగ్రహముపై భారము ఒక్కటే. స్ట్రీమింగులో అట్లు కాదు. చూచువారు ఎందరో, సర్వరు నుండి అన్ని ప్రతులు వేరువేరుగా బయలుదేరవలెను. ఒక ప్రతినే పంపి చివర పలువురికి పంచు మల్టీకాస్టు అను పద్ధతి చిరకాలము నుండి ఉన్నను, బహిరంగ అంతర్జాలమున అది వాడుకలోనికి రాలేదు.

దీని ఫలితము బడిలో స్పష్టముగా కనబడును. కనెక్షను నిజముగా 20 మెగాబిట్ల వేగము ఇచ్చుచున్నదనుకొందము. ఒకే తెరమీద చూపినచో 2 మెగాబిట్లు చాలును, 18 మిగులును. అదే పాఠమును 40 మంది తమ తమ ట్యాబ్లెట్లలో తెరిచినచో 80 మెగాబిట్లు కావలెను. ఒక్కొక్కరికి దక్కునది అర మెగాబిటు మాత్రమే. దీనికితోడు వైఫైలో ఒక చానలుమీద ఒకసారికి ఒక పరికరమే మాటాడగలదు. తక్కినవి వంతుకొరకు కాచుకొనవలెను. ఒక పరికరముతో చక్కగా సాగిన పరీక్ష 40 పరికరములతో విఫలమగుటలో వింత లేదు. పరికరములను కొనుటయందు చూపు శ్రద్ధను ఈ చిన్న గుణకారమునందు చూపకపోవుటయే అనేక వైఫల్యములకు మూలము.

అయినను ప్రసారమునకు లేని గుణములు స్ట్రీమింగుకు కలవు. 1975లో ఉపాధ్యాయుడు 22న్నర నిమిషముల పాఠమును నడుమ ఆపలేకపోయెను, ఒక బాలునికి అర్థము కానిదానిని మరల చూపలేకపోయెను, గంటను మార్చలేకపోయెను. నేడు ఆ మూడును ఉపాధ్యాయుని చేతిలోనివే. ఈ స్వేచ్ఛను వాడుకొననిచో స్ట్రీమింగు ప్రసారముకంటె తక్కువదే యగును.

చిక్కులు, వాని కారణములు

చిత్రము రానప్పుడు తోచిన తీగనెల్ల పీకి మరల తగిలించుట సర్వసాధారణము. ప్రయోగశాలలో పిల్లలకు నేర్పు నియమమే ఇక్కడను వర్తించును: ఒకసారికి ఒక్క అంశమునే మార్చి ఫలితము చూడవలెను. రెండింటిని ఒక్కసారి మార్చినచో, చిక్కు తీరినను కారణము తెలియదు. రేపు మరల వచ్చును.

బొమ్మ ఆగి ఆగి వచ్చుచున్నచో మొదట వేగమును కొలువవలెను. అప్పుడు బిట్లకు, బైట్లకు గల భేదమును మరువరాదు. 8 బిట్లు ఒక బైటు. కంప్యూటరును తీగతో నేరుగా రౌటరునకు తగిలించి చూడవలెను. బొమ్మ కుదుటపడినచో దోషము వైఫైది, పడనిచో కనెక్షనుది. రాగితీగ 100 మీటర్ల వరకు పనిచేయును. 2.4 గిగాహెర్ట్జు వైఫైలో ఒకదానికొకటి అడ్డుపడని చానళ్లు 1, 6, 11 అను మూడే. చుట్టుప్రక్కల రౌటర్లన్నియు ఒకే చానలులో నున్నచో రద్దీ తప్పదు. 5 గిగాహెర్ట్జులో చానళ్లు ఎక్కువ. కాని గోడలను దాటు శక్తి తక్కువ.

పేజీ తెరుచుకొని, చిత్రము మాత్రము రానిచో, అది వేగపు దోషము కాకపోవచ్చును. పేజీ ఒక సర్వరు నుండి, చిత్రపు తునకలు వేరు పేరుగల సర్వరు నుండి వచ్చుట కద్దు. పాఠశాల వడపోత మొదటిదానికి అనుమతినిచ్చి రెండవదానిని అడ్డగించియుండును. ఫోనులోని మొబైలు డేటాతో అదే చిత్రము వచ్చినచో ఈ అనుమానము బలపడును.

ఏ సైటు తెరిచినను భద్రత లేదని హెచ్చరిక వచ్చుచున్నచో కంప్యూటరు గడియారమును చూడవలెను. పాత యంత్రములలో నాణెమంత బ్యాటరీ అయిపోయినచో, కరెంటు పోయినప్పుడెల్ల తేదీ ఏండ్ల వెనుకకు పోవును. సైట్ల భద్రతాపత్రములకు కాలపరిమితి ఉండుటచే, ఆ తేదీకి అవి ఇంకను పుట్టనట్లే లెక్క. తేదీని సరిచేసి, బ్యాటరీని మార్చినచో చిక్కు విడిపోవును. తేలికగా తీరు ఈ దోషమునకే కంప్యూటరు చెడిపోయినదని మూలను పెట్టుట శోచనీయము.

లాప్‌టాపులో బొమ్మ ఉండి ప్రొజెక్టరులో లేనిచో, విండోసు యంత్రమున విండోసు మీటను, పి మీటను కలిపి నొక్కి డూప్లికేటును ఎన్నుకొనవలెను. బొమ్మ ఉండి శబ్దము లేనిచో, హెచ్‌డీఎంఐ తీగవెంట శబ్దము ప్రొజెక్టరులోనికి పోయియుండును. శబ్దము బయటికి వచ్చు చోటుగా స్పీకరును ఎంచవలెను. పెదవుల కదలికకు మాట వెనుకబడుచున్నచో బ్లూటూతు స్పీకరును మాని తీగ స్పీకరును వాడవలెను.

పాఠమునందలి దోషములు

యంత్రము నిర్దోషముగా నడచినను పాఠము నిర్దోషము కానక్కరలేదు. వీడియోపాఠములలో అధికభాగము ఒంటరిగా, చేరువనుండి చూచువాని కొరకు తీసినవి. ఫోనులో కన్నుకు దగ్గరగా చదువగల చిన్న అక్షరములు తరగతి చివర చీమలబారు వలె నుండును. తెర ఎత్తునకు 6 రెట్ల దూరమునకు లోపలనే అందరును కూర్చుండవలెనని ఒక వాడుక సూత్రము. తెర ఎత్తు 1.2 మీటర్లైనచో 7.2 మీటర్లు దాటరాదు. సూత్రముకంటె సులభమైన పరీక్ష కలదు: ఉపాధ్యాయుడే చివరి బల్లమీద కూర్చుండి చదివి చూచుట.

ఇంకొక లోపము పరుగు. ఒకే దృశ్యమున ప్రయోగము, ఫలితము, సూత్రము వచ్చిపోవును. పిల్లవానికి ఊహించు వ్యవధి చిక్కదు. ఫలితము రాకముందే చిత్రమును ఆపి, ఏమి జరుగునని అడిగి, నాలుగు జవాబులు విని, పిమ్మట సాగించినచో 5 నిమిషముల చిత్రము మంచి పాఠమగును. ఆపకుండ చూపిన 40 నిమిషముల చిత్రము కాలక్షేపమగును. అంతియేగాక, నిమ్మరసములో లిట్మసు కాగితము ఎరుపెక్కుటను తెరమీద చూపవలసిన పనిలేదు; అది బల్లమీద చేయదగినది. చేతితో చేయలేనిదానికే తెరను వాడవలెను.

చేయదగినది

పై విమర్శ అంతయు స్ట్రీమింగును విడువుమనుటకు కాదు. దానిని దాని స్థానమున నిలుపుటకు. అనుమతి ఉన్న పాఠములను ముందునాడే దింపుకొని పెన్‌డ్రైవులోనో, పాఠశాల కంప్యూటరులోనో ఉంచుట అన్నింటికంటె మేలైన మార్గము. 2017లో ఆరంభమైన దీక్షా వేదికలోని పాఠములను దింపుకొని, అంతర్జాలము లేకుండ చూచు వీలు కలదు. 20 నిమిషముల చిత్రము 2 మెగాబిట్ల నాణ్యతలో సుమారు 300 మెగాబైట్లు మాత్రమే. రాత్రి ఒకసారి దింపినదానిని పగలు ఎన్ని సెక్షన్లకైనను చూపవచ్చును. ప్రసారమునకు గల సుగుణము ఇట్లు కొంత తిరిగివచ్చును. ప్రత్యక్షముగా చూపవలసినచో తరగతికి ఒక్క తెర, ఒక్క ప్రవాహము చాలును.

పాఠశాలలకు కనెక్షను ఇచ్చువారు కాగితముమీది వేగమును కాక, ఉదయము 11 గంటలకు తరగతిలో దొరకు వేగమును కొలువవలెను. చిత్రములు తీయువారు చివరి బల్లను తలచుకొని తీయవలెను. ఉపాధ్యాయులు ముందునాడు, అదే గదిలో, అదే తెరమీద ఒకసారి నడిపి చూచుకొనవలెను. చిత్రము 2 నిమిషములలో మొదలు కానిచో సుద్దముక్క అందుకొనుటకు సంకోచింపరాదు. పిల్లలు తిరుగు చక్రమును చూచుటకు బడికి రాలేదు.