విద్వద్గద్వాలలో కూలివానికి చోటెక్కడ?

గద్వాల సంస్థానమునకు విద్వద్గద్వాలయని ప్రఖ్యాతి. ఏటేట జరిగెడి సభలకు తెలుగునాటి నలుదిక్కులనుండి కవిపండితులు వచ్చి, శాస్త్రచర్చలు సలిపి, అవధానములు చేసి, ప్రభువుల సన్మానములంది మరలుచుండిరి. వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానములును ఈ విషయమున వెనుదీసినవి కావు. తిరుపతి వేంకటకవుల యంతటివారు ఈ త్రోవలు త్రొక్కినవారే. కొంత సంస్కృతము చదువుకొన్నవారము గాన ఆ సభలను తలచుకొన్నప్పుడు మాకును గర్వము కలుగును. చదువరులు మన్నింతురేని ఒక చిన్న సందేహము. కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డ దారులలో ఆ పండితుల పెట్టెలు మోసినవారెవరు? వారికి కూలి ముట్టెనా?

ఈ ప్రశ్న వేళాకోళమునకు వేసినది కాదు. నిజాము రాష్ట్రమున వెట్టి యనగా నేమో మన తాతల నడిగిన చెప్పెడివారు. అధికారి గ్రామమున దిగినచో కుమ్మరి కుండలీయవలెను. చాకలి గిన్నెలు తోమవలెను. బోయీలు సవారి మోయవలెను. అంటరానివారనబడిన వారు మూటలెత్తి, గుఱ్ఱములకు గడ్డి తెచ్చి, కబురు పట్టుకొని పొరుగూరికి పరుగెత్తవలెను. పైకము మాట తలపెట్టరాదు. దీనికి తోడు భగేలా: తండ్రి తెచ్చిన యప్పునకు కొడుకు దొర పొలమున చాకిరి చేయుట. 1943లో భగేలా ఒప్పందములపై ఒక నిబంధన వచ్చెను గాని, కాగితమునకును పొలమునకును నడుమ దూరము మిక్కుటము.

సంస్థానకవులు ప్రభువుల దానములను, గుడుల వైభవమును, ఋతువులను వర్ణించిరి. మేము చదివినంతలో వారి వర్షర్తువున మేఘములు గర్జించును, నెమళ్లాడును; నాగలి పట్టినవాడు మాత్రము కానరాడు. అది వారి శక్తిలోపమని మేమనము. కవిత్వమునకు తగిన వస్తువేది, తగనిదేది యను తీర్పు ముందే జరిగియుండెను. ఆ తీర్పు చెప్పుటలో అలంకారశాస్త్రముతో పాటు శాలువ కప్పు చేతికిని పాలు కలదు.

ఆ నేలనే పుట్టినవారు సురవరము ప్రతాపరెడ్డిగారు. ఇటిక్యాలపాడు వారి స్వగ్రామము. 1926లో గోలకొండ పత్రికను ఆరంభించి, సభ పెట్టుకొనుటకు సర్కారు అనుమతి కావలెనను గస్తీ నిషాన్ 53 వంటి ఆజ్ఞలు చెల్లిన కాలమున, అధికారుల దౌర్జన్యములను అచ్చువేయుచు వచ్చిరి. 1930లో జోగిపేటలో జరిగిన ప్రథమ ఆంధ్రమహాసభకు అధ్యక్షులు వారే. వెట్టి తొలగింపు ఆ యుద్యమపు ముఖ్యమైన కోరికలలో నొకటి. తెలంగాణమున కవులు లేరను నిందకు జవాబుగా 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించి 354 కవులను లోకమునకు చూపిరి. ఆ లెక్క చేసిన మేలు ఇంతంత కాదు. అయినను లెక్కలోని కెక్కు గౌరవము మొదట కవికే దక్కినది.

1949 నాటి ఆంధ్రుల సాంఘిక చరిత్ర ఇంకొక మెట్టు. రాజుల యుద్ధములను విడిచి, జనుల తిండి, బట్ట, ఆట, వృత్తి మొదలగువానిని కావ్యములనుండి ఏరి కూర్చిన గ్రంథమది. 1955లో తెలుగునకు తొలి సాహిత్య అకాడమీ బహుమానము దానికే వచ్చినది. 1953లోనే గతించిన గ్రంథకర్త దానిని చూచుకొనలేదు. ఇట్టి పుస్తకముపై కొరత చెప్పుటకు మాకు సంకోచమే. అయినను చెప్పవలెను. సామాన్యుడేమి తినెనో, ఏమి కట్టెనో, ఏ యాట ఆడెనో దానివలన చక్కగా తెలియును. దినమునకెంత సంపాదించెను, ఎవనికెంత బాకీ పడెను, కాదన్ననాడు ఏమయ్యెను అను సంగతులు అంతగా తెలియవు. దోషము చరిత్రకారునిది గాదు, ఆధారములది. ప్రబంధకవి చీరల పేర్లు పది చెప్పును. నేసినవాని కూలి చెప్పడు. కావ్యము చెప్పనిదానిని చరిత్రకారుడెక్కడనుండి తెచ్చును?

రాజ్యములు మారినవి. నాగార్జునసాగరము, శ్రీశైలము మొదలుగా ఎన్నియో ప్రాజెక్టుల మట్టిపనికి, రాతిపనికి మన పల్లెలవారు తరలిపోయిరి. 'పాలమూరు లేబర్' అని వారికొక పేరే పడినది. గుంపుమేస్త్రీ ముందుగా అడ్వాన్సిచ్చును. ఆ సొమ్ము పాత యప్పునకు పోవును. తక్కిన లెక్క పని ముగిసిన పిదప తేలును, అదియు మేస్త్రీ పుస్తకమునుబట్టి. నడుమ విడిచి వచ్చుటకు వీలులేదు. దీనికిని భగేలాకును భేదమేమో మాకు చప్పున తోచదు.

చట్టములు లేకపోలేదు. వెట్టిని నిషేధించు 23వ అధికరణము రాజ్యాంగముననే కలదు. విచిత్రమేమనగా, వెట్టిచాకిరి రద్దు శాసనము తొలుత 1975 అక్టోబరులో, అత్యవసర పరిస్థితి నడుమ, ఆర్డినెన్సుగా వెలువడినది. సమ్మెలనణచి, కార్మికనాయకులను చెఱసాలలయందుంచిన ప్రభుత్వమే వెట్టివానికి విముక్తి ప్రసాదించెను! హక్కు నిచ్చి, దాని నడుగు నోరు మూయుట ఇట్లుండును. వలసకూలీలకై 1979లో చేసిన చట్టము గుత్తేదారునకు లైసెన్సు, కూలివానికి దారిఖర్చు విధించెను. కనీసపు కూలికి తక్కువగా పని చేయించుకొనుటయు బలవంతపు చాకిరియే యని 1982లో సుప్రీంకోర్టు ఢిల్లీ ఏషియాడ్ పనివారి విషయమున తేల్చినది. ఈ తీర్పును తెలుగున చదివి వినిపించు పుస్తకము మన పల్లె గ్రంథాలయములలో మాకు కనబడలేదు.

నేటి పాటకు ఈ దుఃఖము తెలియును. నాగర్‌కర్నూలు సీమలోని గౌరారమున పుట్టిన గోరటి వెంకన్నగారి పాటలలో పల్లె చితుకుట కండ్లకు కట్టును. వారిననుసరించు పలువురికి మాత్రము ఏడుపొక్కటే పట్టుబడినది. బస్సెక్కిన కొడుకు, గుడిసెలోని ముసలితల్లి, ఎండిన చెరువు: పాట ముగియును, మేస్త్రీ పుస్తకము తెఱువబడకయే యుండును. కన్నీటిని మెచ్చుకొనుట పాఠకునకు సుఖము. ఎవరు ఎవరికెంత బాకీయో వినుట అంత సుఖము గాదు.

ఇతరులననుట యేల? దీపావళి గడచిన పిదప మా బడిలో వెనుక వరుసలు ఖాళీ యగుచుండును. ఒకమారు 'మా యింటి పండుగ' యను వ్యాసము వ్రాయుమంటిమి. ఒక బాలిక, తమ యింట పండుగ యనగా మేస్త్రీ వచ్చు దినమని మొదలిడి, అతడిచ్చిన సొమ్మెంత, అందు పాత బాకీకి పోయినదెంత, అవ్వ మందులకెంత, తలిదండ్రులు ఎన్ని నెలలు పనిచేసిన అది తీరునో కూడికలు తీసివేతలు వేసి చూపినది. మేము అక్షరదోషములు పదునొకండు దిద్ది, 'విషయము విడిచి లెక్కలు వ్రాసితివి' అని అంచున ఎఱ్ఱసిరాతో వ్రాసి, పదింట నాలుగు మార్కులిచ్చితిమి. సంక్రాంతి సెలవుల పిమ్మట పుస్తకములు పంచితిమి. అదొక్కటి మా బల్లమీద మిగిలినది. తీసికొనుటకు ఆ బాలిక రాలేదు.