పొర ఎక్కడ చిరుగుతుంది?

మబ్బు అడ్డుపడకపోతే అరసవల్లి సూర్యదేవాలయంలో ఏటా మార్చిలో, అక్టోబరులో సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకుతాయి. ఆ వెలుగు మనదాకా రావడానికి ఎనిమిది నిమిషాల పైచిలుకు చాలు. సూర్యుడు విసిరే ప్లాస్మా (విద్యుదావేశ కణాల) మేఘానికి మాత్రం ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. 2024 మే 10, 11 తేదీల మధ్య రాత్రి లడఖ్‌లోని హాన్లే ఆకాశం ఎర్రబడింది ఇలాంటి మేఘాల వల్లే. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న వెళ్లిన ఆదిత్య-ఎల్1 నౌక, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో కూర్చుని ఆ దారినే కాపు కాస్తోంది.

మేఘం వచ్చాక జరిగేది చాలావరకు ఒక పలుచని పొర మీద ఆధారపడి ఉంటుంది. అయస్కాంత క్షేత్రం ఒక పక్క ఇటూ మరో పక్క అటూ ఉన్నచోట, నడుమ విద్యుత్ ప్రవహించే పొర ఏర్పడుతుంది. దీన్నే కరెంట్ షీట్ అంటారు. భూమికి రాత్రి వైపు సాగిన అయస్కాంత తోకలోనూ ఇలాంటిదే ఉంది. పొర చిరిగిందంటే క్షేత్రరేఖలు తెగి కొత్తగా అతుక్కుంటాయి, దాగిన శక్తి కణాల వేగం రూపంలో బయటపడుతుంది.

చిక్కల్లా చిరగడం ఎలా అన్నదే. మనం పీల్చే గాలిలో అణువులు క్షణక్షణం ఢీకొంటాయి కాబట్టి దాన్ని ద్రవంలా లెక్కగట్టవచ్చు. సౌరగాలిలో ఒక కణం ఢీకొనాలంటే దాదాపు సూర్యుడికీ భూమికీ ఉన్నంత దూరం పోవాలి. ఢీకొనడమే లేనిచోట పొరను చింపేదేమిటి? క్షేత్రం సున్నా అయ్యే నడిమధ్యన స్వేచ్ఛగా తిరిగే కణాలే ఆ పని చేయగలవని శాస్త్రవేత్తలు కోపి, లావాల్, పెల్లా 1966లో ప్రతిపాదించారు. అది నిజమో కాదో చూడాలంటే కణాలనే లెక్కపెట్టాలి.

లెక్కపెట్టే తీరు తెలియాలంటే విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవపు జనసందోహాన్ని తలచుకోండి. ఎవరు ఎవరిని తోస్తున్నారో ఒక్కొక్కరినీ అడిగి తెలుసుకోలేం. వీధులను గడులుగా విడదీసి గడికి ఎందరున్నారో లెక్కిస్తే తోపు ఎటో తెలుస్తుంది. ఆ తోపుకు ప్రతి మనిషీ ఒక అడుగు వేస్తాడు. అడుగు పడగానే గడుల లెక్క మారుతుంది, మళ్లీ మొదలు. కణ సిమ్యులేషన్ చేసేదీ ఇంతే: కణాల ఆవేశాన్ని, ప్రవాహాన్ని గడులకు పంచడం, మాక్స్‌వెల్ సమీకరణాలతో క్షేత్రాలు కట్టడం, ఆ బలంతో కణాలను జరపడం. జరపడానికి 1970లో జే బోరిస్ చెప్పిన పద్ధతినే నేటికీ ఎక్కువగా వాడుతున్నారు. మొదలుపెట్టే పొర చాలాసార్లు 1962లో హారిస్ రాసిన నమూనాయే అయివుంటుంది.

అసలు విద్య రాజీల్లో ఉంది. కంప్యూటర్లో ఒక్కో కణం కోట్లాది నిజమైన కణాల తరఫున నిలబడుతుంది కాబట్టి లెక్కలో రొద (నాయిస్) తప్పదు. దాన్ని సగానికి దించాలంటే కణాలను నాలుగింతలు చేయాలి. గడి మరీ పెద్దదైతే ప్లాస్మా కారణం లేకుండానే వేడెక్కిపోతుంది. ప్రోటాన్ ఎలక్ట్రాన్ కంటే 1836 రెట్లు బరువు. ఆ తేడా ఉన్నదున్నట్టు పెడితే యంత్రం మోయలేదు. అందుకని చాలాసార్లు 25 రెట్లే అనుకుని నడిపేవారు.

ఈ రాజీ ఒకసారి గట్టిగానే మోసం చేసింది. 1990ల్లో పలు సిమ్యులేషన్లలో పొర, ప్రవాహ దిశలో మెలికలు తిరుగుతూ చకచకా పాడైపోయింది. అంతుచిక్కిందనుకున్నారు. ఆ దశాబ్దం చివర్లో విలియం డాటన్ అనే శాస్త్రవేత్త అసలు బరువుల నిష్పత్తి దగ్గర లెక్కలు వేస్తే ఆ మెలిక వేగం బాగా తగ్గిపోయింది. తప్పు బరువెక్కించిన ఎలక్ట్రాన్‌ది! ఆ తరువాత చూపు పొర అంచుల్లో పుట్టే చిన్న అలల మీదికి మళ్లింది. అవి నడిమి ప్రవాహాన్ని పెంచి, పొరను సన్నబరిచి, చిరగడానికి దారి చేస్తాయని తేలింది. ఇంకో తిరకాసుంది. ఈ చిరుగు ఒక తలంలో, మెలిక మరో తలంలో పెరుగుతాయి. సిమ్యులేషన్‌ను రెండు దిశల్లోనే నడిపినవారు తమ తలంలో ఉన్నదాన్నే చూశారు. రంగుల బొమ్మలు చూసి మురిసిపోయే ముందు ద్రవ్యరాశి నిష్పత్తి ఎంత, ఏ తలం అని అడగాలంటాను నేను.

ఇంత అనుమానం ఉన్నా ఈ విద్యకు విలువ ఎందుకంటే, చెప్పింది నిజమైంది కూడా. 2015 అక్టోబరు 16న నాసా ఎంఎంఎస్ ఉపగ్రహాలు నాలుగూ రేఖలు తెగే చోటు గుండా సాగిపోయాయి. అక్కడి ఎలక్ట్రాన్ల వేగాల్లో నెలవంక ఆకారం కనిపించింది. ఏడాది ముందే సిమ్యులేషన్లు చూపినది అదే.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అయనోవరణ పరిశోధన దశాబ్దాల నుంచి సాగుతోంది. ఆకాశం వైపు చూసే అలవాటు ఉత్తరాంధ్రకు కొత్త కాదు. ఒక దిశలో కదిలే కణ సిమ్యులేషన్ రాయడానికి మామూలు ల్యాప్‌టాప్, రెండు మూడు వందల వరుసల పైథాన్ చాలు. పెద్ద పొరలకు స్మైలీ, వార్ప్‌ఎక్స్ వంటి కోడ్‌లు ఉచితంగా దొరుకుతున్నాయి. ఎచ్చెర్ల, విజయనగరం కాలేజీల్లో భౌతికశాస్త్రం చదివే పిల్లలూ, ఎదురెదురు ఎలక్ట్రాన్ ప్రవాహాల అస్థిరతతో మొదలుపెట్టండి. ఈ సెలవుల్లోనే.