ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గాత్రాభినయం: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
నేపథ్య గాయకుడిగా ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం (1946–2020) పొందిన ప్రఖ్యాతి ఆయన డబ్బింగ్ కృషిని మరుగుపరిచింది. 'మన్మథ లీల', 'అన్నమయ్య', 'దశావతారం' చిత్రాల ఆధారంగా ఆ కృషిని వాచికాభినయంగా పరిశీలించడం, దాని బలాన్నీ పరిమితినీ గుర్తించడం, నేడు గొంతుకు ఎదురవుతున్న హక్కుల ప్రశ్నను చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: డబ్బింగ్, వాచికాభినయం, హరికథ, నెల్లూరు, అనువాద చిత్రాలు, కృత్రిమ మేధ.

1. ఉపోద్ఘాతం:
జపాన్‌లో గాత్ర నటులను 'సెయ్యూ' అంటారు. యానిమేషన్ పాత్రకు గొంతునివ్వడం అక్కడ గౌరవప్రదమైన ప్రత్యేక వృత్తి. 1936లో జన్మించిన మసాకో నొజావా 1986 నుండి 'డ్రాగన్ బాల్' కథానాయకుడు గోకూకు గొంతునిస్తున్నారు. అతని కుమారులు గోహాన్, గోటెన్‌లకూ, తండ్రి బార్డాక్‌కూ ఆమెదే గొంతు. ఒకే కుటుంబంలోని మూడు తరాల పురుషులను ఒక స్త్రీ గొంతుతోనే వేరుచేసి చూపడాన్ని అక్కడి ప్రేక్షకులు నటనగానే లెక్కిస్తారు. తెలుగులో ఇటువంటి శ్రమ ప్రధానంగా సినిమా డబ్బింగ్‌లో జరిగింది. దానిని 'గాత్రదానం' అని మర్యాదగా పిలవడమే తప్ప నటనగా తూకం వేయడం అరుదు. బాలసుబ్రహ్మణ్యం పొందిన ఆరు జాతీయ పురస్కారాలూ గానానికి వచ్చినవే. నంది పురస్కారాలలో మాత్రం ఉత్తమ డబ్బింగ్ కళాకారుడిగా 'అన్నమయ్య', 'శ్రీ సాయి మహిమ' చిత్రాలకు ఆయనకు గుర్తింపు లభించింది.

2. నెల్లూరు నేపథ్యం:
బాలసుబ్రహ్మణ్యం తండ్రి ఎస్.పి. సాంబమూర్తి హరికథా కళాకారుడు. నెల్లూరు తిప్పరాజువారి వీధిలోని వారి ఇంటిని 2020లో వేదపాఠశాల కోసం కంచి కామకోటి పీఠానికి అప్పగించారు. హరికథలో దాసు ఒక్కడే కథకుడు. రాముడూ రావణుడూ సీతా అతడే. వేషం మారదు, రంగం మారదు. పాత్ర మారిందని శ్రోతకు తెలిపేది ప్రధానంగా గొంతు. నెల్లూరు ప్రాంతానికి పరిచయమైన తోలుబొమ్మలాటలోనూ తెర వెనుక నిలిచినవాడి గొంతే బొమ్మకు ప్రాణం. బాలసుబ్రహ్మణ్యం డబ్బింగ్ వీటినుండి నేరుగా పుట్టిందని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. కాని ఒక గొంతు పలు పాత్రలుగా చీలడం ఆయన పెరిగిన వాతావరణంలో వింత కాదు.

మరొక అంశం భాషా సరిహద్దు. నెల్లూరు తీరం దక్షిణాన తమిళదేశాన్ని తాకుతుంది. చదువుకూ వ్యాపారానికీ సినిమాకూ మద్రాసు బాట పట్టడం ఈ ప్రాంతంవారికి అలవాటు. అనువాద చిత్రాలకు మాటలు, పాటలు రాసిన వెన్నెలకంటి కూడా నెల్లూరువారే. రెండు భాషల మధ్య మసలిన చెవి ఈ పనికి తొలి పెట్టుబడి.

3. అరువు ముఖం, సొంత గొంతు:
కె. బాలచందర్ తమిళ చిత్రం 'మన్మథ లీలై' (1976) తెలుగు రూపంలో కమల్ హాసన్‌కు గొంతునివ్వడంతో, అనుకోకుండా, బాలసుబ్రహ్మణ్యం డబ్బింగ్ ప్రస్థానం మొదలైంది. ఆ తరువాత కమల్ తమిళ చిత్రాల తెలుగు రూపాలకు ఆయన గొంతే ఆనవాయితీ అయింది. 'గాంధీ' (1982) తెలుగు రూపంలో బెన్ కింగ్‌స్లీకి కూడా ఆయనే మాట్లాడారు.

యానిమేషన్ బొమ్మకు ముందుగా సొంత గొంతు ఉండదు. నటుడు శూన్యాన్ని నింపుతాడు. డబ్బింగ్‌లో ఒక గొంతును తొలగించి మరొకటి నిలపాలి. ఊపిరి, విరామం, పెదవుల కదలిక ముందే నిర్ణయమై ఉంటాయి. తమిళంలో 'అప్పా' అన్నప్పుడు పెదవులు కలుస్తాయి. తెలుగులో 'నాన్నా' అన్నప్పుడు కలవవు. ముఖం దగ్గరగా కనిపించే దృశ్యంలో ఈ చిన్న తేడా కూడా ప్రేక్షకుని కంటికి తగులుతుంది. రచయిత ఓష్ఠ్యాక్షరాలను వెతికి సర్దగలడు. ఆ సర్దుబాటు చెవికి తెలియకుండా సహజమైన తెలుగుగా పలకవలసినవాడు గాత్ర నటుడు. పాటలో పల్లవికీ చరణానికీ మధ్య ఊపిరిని దాచుకోవడం నేర్చిన గాయకునికి ఈ కొలత కొత్త కాదు. అయితే గాయకుడు లయను చాటుతాడు, గాత్ర నటుడు దానిని దాచాలి. బాలసుబ్రహ్మణ్యం సాధించిన అసలు విజయం ఈ దాపరికంలో ఉంది.

4. 'అన్నమయ్య': భక్తుడూ భగవంతుడూ:
కె. రాఘవేంద్రరావు 'అన్నమయ్య' (1997) ఈ పరిశీలనకు కీలకం. ఇందులో నాగార్జున పోషించిన అన్నమయ్యకు పాటలు పాడినది బాలసుబ్రహ్మణ్యం. సుమన్ పోషించిన వేంకటేశ్వరునికి మాటలు పలికినదీ ఆయనే. సుమన్ చిత్రాలకు సాయికుమార్ గంభీర స్వరం ప్రేక్షకులకు బాగా అలవాటైనది. ఆ అలవాటును పక్కనపెట్టి ఇక్కడ కోరుకున్నది ఆజ్ఞాపించే గొంతు కాదు, అనునయించే గొంతు. వేంకటేశ్వరుడు పలికే మాటలలో వేగం తక్కువ, నాదం నిండుగా ఉంటుంది. పాటలోని ఆర్ద్రత మాటలోకి పూర్తిగా పొంగకుండా నిలుస్తుంది. పిలిచే గొంతూ బదులు పలికే గొంతూ ఒక్కటే అయినా ప్రేక్షకునికి గందరగోళం కలగదు. భక్తునికీ దైవానికీ అభేదమనే భావం చిత్రంలో ఎవరూ చెప్పకుండానే ధ్వనిస్తుంది. దర్శకుడు ఉద్దేశించినా, ఉద్దేశించకపోయినా, ఈ అర్థాన్ని సాధ్యం చేసింది గాత్రాభినయమే.

5. 'దశావతారం': బలం, పరిమితి:
'దశావతారం' (2008) తెలుగు రూపంలో కమల్ ధరించిన పది పాత్రలలో ఏడింటికి, స్త్రీ పాత్ర సహా, బాలసుబ్రహ్మణ్యం గొంతునిచ్చారు. దట్టమైన కృత్రిమ అలంకరణ వల్ల ఆ ముఖాలు దాదాపు ముసుగులు. ముఖకండరాల కదలిక తగ్గిన మేరకు గొంతు భారం పెరుగుతుంది. ఇక్కడ డబ్బింగ్ యానిమేషన్‌కు దగ్గరవుతుంది. తమిళ మూలంలో తెలుగువాడైన అధికారి బలరామ్ నాయుడి హాస్యానికి అతని భాషే ఆధారం. తెలుగులోకి రాగానే ఆ ఆధారం చెదురుతుంది. అప్పుడు హాస్యాన్ని పదంనుండి పలుకుబడికి, ఉచ్చారణకు మళ్ళించక తప్పదు.

పరిమితి కూడా ఇక్కడే కనిపిస్తుంది. దశాబ్దాలుగా ఇంటింటా వినిపించిన గొంతు పూర్తిగా అజ్ఞాతం కాలేదు. పాత్రలు మారినా వాటి అడుగున ఒక పరిచిత నాదం వినిపిస్తూనే ఉంటుంది. హరికథలో దాసు కనిపిస్తూ ఉండటం లోపం కాదు. సినిమా భ్రమకు అది కొంత లోపమే. ప్రఖ్యాతి గాయకునికి ఇచ్చినదాన్ని గాత్ర నటుని వద్ద కొంత తిరిగి వసూలు చేసింది.

6. గొంతు ఎవరిది?:
నటుని ముఖాన్ని అతని ఆస్తిగా ఒప్పుకున్నంత సులభంగా గొంతును ఒప్పుకోవడం లేదు. 'కీడా కోలా' (2023) చిత్రంలో బాలసుబ్రహ్మణ్యం గొంతును అనుమతి లేకుండా కృత్రిమ మేధతో పునఃసృష్టించారని ఆరోపిస్తూ ఆయన కుమారుడు ఎస్.పి. చరణ్ 2024లో లీగల్ నోటీసు పంపారు. అదే సంవత్సరం జపాన్ గాత్ర నటులు తమ గొంతులను అనుమతి లేకుండా కృత్రిమంగా సృష్టించడానికి వ్యతిరేకంగా ప్రచారం ప్రారంభించారు. రెండు దేశాల ప్రశ్న ఒక్కటే. గొంతును కేవలం నాదంగా చూస్తే యంత్రం దానిని అనుకరించగలదు. దానిని అభినయంగా చూస్తే ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఊపిరి దాచాలో నిర్ణయించిన మనిషి గుర్తుకు వస్తాడు. గాత్ర నటనను నటనగా విశ్లేషించని విమర్శ, ఈ వివాదంలో ఆ మనిషి పక్షాన చెప్పగలిగింది తక్కువ.

7. ముగింపు:
తనికెళ్ళ భరణి 'మిథునం' (2012)లో బాలసుబ్రహ్మణ్యం ముఖమూ గొంతూ ఒకే పాత్రలో కలిశాయి. ఆ నటనను మెచ్చినవారు, అంతకు మూడు దశాబ్దాల ముందునుండే ఆయన తెర వెనుక నటిస్తున్నారన్న సంగతిని కలిపి చూడటం అవసరం. నెల్లూరు ప్రభుత్వ సంగీత, నృత్య పాఠశాలకు 2020లో ఆయన పేరు పెట్టారు. అది గాయకునికి తగిన గౌరవం. గాత్ర నటునికి దక్కవలసినది మరొకటి ఉంది. అనువాద చిత్రాల పేర్ల పట్టికలో గొంతునిచ్చినవారి పేర్లను పాత్రలవారీగా నమోదు చేయడం, మూలాన్నీ అనువాదాన్నీ పక్కపక్కన ఉంచి వాచికాన్ని విశ్లేషించడం తెలుగు సినిమా పరిశోధన చేపట్టవలసిన పనులు. నాట్యశాస్త్రం వాచికాన్ని అభినయంలో భాగంగా ఏనాడో గుర్తించింది. ఆ గుర్తింపును డబ్బింగ్ గదిదాకా తీసుకువెళ్ళడమే మిగిలింది.