ఇనుము మీద పాఠం: ఐటీఐ ఫిట్టర్ బోధకుల పనితనం

భారత ప్రభుత్వం 1950లో ప్రారంభించిన క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీం కింద వెలసిన పారిశ్రామిక శిక్షణ సంస్థలు, అనగా వాడుకలోని ఐటీఐలు, పదో తరగతి పూర్తయిన పిల్లలకు చేతిపని నేర్పి ఉపాధి దారి చూపే బడులుగా నేటికీ నడుస్తున్నాయి. వీటిలో ఫిట్టర్ ట్రేడు, అంటే యంత్రభాగాలను కొలత ప్రకారం మలిచి ఒకదానిలో ఒకటి అమర్చే పని, రెండేళ్ల కోర్సు. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ ఐటీఐలలో ఈ పని నేర్పేవారు హోదా రీత్యా ట్రైనింగ్ ఆఫీసర్లే అయినా, వర్క్‌షాపులో పిల్లలకు వారు కేవలం ‘సార్’. తన చేతికి ఏనాడో అలవాటైపోయి, తానే గమనించడం మానేసిన కదలికను మళ్లీ విడదీసి, మాటల్లో పెట్టి, ఇంకొకరి చేతికి పట్టుబడేలా చేయడమే వారి అసలు విద్య. మంచి పనివాడైన ప్రతివాడూ మంచి బోధకుడు కాలేకపోవడానికి కారణం కూడా ఇదే.

ఆకురాయి పట్టించే తీరులో ఈ విద్య స్పష్టంగా కనిపిస్తుంది. కొత్త విద్యార్థి ఇనుప ముక్కను బెంచ్ వైసులో బిగించి, రెండు చేతులతో సమానంగా నొక్కుతూ ఆకురాయిని తోస్తాడు. తోపు మొదట్లో పిడి వైపు, చివర్లో కొన వైపు బరువు పడి, ఆకురాయి తూగుడుబల్లలా ఊగడంతో ముక్క అంచులు అరిగిపోయి నడుమ ఉబ్బు మిగులుతుంది. గంటల తరబడి రుద్దినా తలం చదును కాదు సరికదా, ఉబ్బు ఇంకా పెరుగుతుంది. తోపు మొదలయ్యేటప్పుడు కొన మీది చేతికీ, నడుమకు వచ్చేసరికి రెండు చేతులకూ, ముగిసేటప్పుడు పిడి పట్టిన చేతికీ ఒత్తిడి మారాలనీ, వెనక్కి లాగేటప్పుడు ఒత్తిడే ఉండకూడదనీ బోధకుడు చెబుతాడు. అయితే చెప్పినంత మాత్రాన చేయి వినదు గనుక, వైసు దవడలు విద్యార్థి మోచేతి ఎత్తుకు సరిపోయాయో లేదో, పాదాలు ఎలా ఉంచాడో ముందు సరిచూసి, ఆ తరువాతే చేతుల జోలికి వస్తాడు.

అనుభవజ్ఞుడైన బోధకుడికి చెవి కూడా పనిముట్టే. ముక్కను వైసు దవడలకు మరీ పైకి బిగిస్తే అది అదిరి కీచుమంటుంది. షాపు ఆ చివర ఆ చప్పుడు పుడితే, ఈ చివర ఉన్న సార్ తల తిప్పుతాడు. తప్పు ఎక్కడుందో తాను చెప్పేయడం కంటే ముక్క చేతనే చెప్పించడం ఆయనకు ఇష్టం. సర్ఫేస్ ప్లేట్ అనే చదునైన బల్లకు ప్రష్యన్ బ్లూ అనే నీలిరంగును పలచగా పూసి, దానిపై ముక్కను రుద్దితే, ఎత్తుగా ఉన్న చోట్లకే రంగు అంటుతుంది. లంబకోణం సరిచూసే ట్రై స్క్వేర్‌ను ఆనించి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే, పల్లమున్న చోట సన్నని వెలుగుగీత కనిపిస్తుంది. సార్ తిడితే వాదించే కుర్రాడు కూడా నీలిమచ్చతో వాదించలేడు.

కొలత నేర్పడం ఇంతకంటే తేలికని అనుకుంటారు గాని, వర్నియర్ కాలిపర్ 0.02 మిల్లీమీటరు వరకు, మైక్రోమీటరు 0.01 మిల్లీమీటరు వరకు చదవగలవని బట్టీ పట్టినవాడు కూడా, మైక్రోమీటరును బిగించి బిగించి తప్పుడు కొలత తీస్తాడు. అందుకే ఒకే ముక్కను నలుగురి చేత కొలిపించి, తేడా వారికే కనబడేలా నాలుగు అంకెలనూ పలకమీద పక్కపక్కన రాయించడం మంచి పద్ధతి.

ఈ బోధనకు సిద్ధాంత బలమూ ఉంది. సన్నద్ధత, ప్రదర్శన, అన్వయం, పరీక్ష అనే నాలుగు మెట్ల విధానాన్ని అమెరికా వృత్తివిద్యా నిపుణుడు చార్లెస్ ఆలెన్ 1919లో వెలువడిన తన పుస్తకంలో వివరించాడు. బోధకులకు ఏడాదిపాటు శిక్షణనిచ్చే క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ ట్రైనింగ్ స్కీం కోర్సులో ఇటువంటి పాఠ్యక్రమమే కనిపిస్తుంది. హైదరాబాద్ విద్యానగర్‌లోని జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థ ఇందుకు పేరొందిన కేంద్రాలలో ఒకటి. ప్రదర్శన మెట్టులో బోధకుడు పనిని ఒకసారి మామూలు వేగంతోనూ, మరోసారి నెమ్మదిగా, ఎందుకో చెబుతూనూ చేసి చూపితే మేలు. ఆ ‘ఎందుకో’ను వదిలేసి, పాఠ్యప్రణాళిక కాగితం నింపడంతోనే సరిపెట్టేవారి దగ్గర ఈ మెట్లు నాలుగూ తంతుగా మిగిలిపోతాయి.

కంప్యూటర్ ఆజ్ఞలతో నడిచే సీఎన్‌సీ యంత్రాల కాలంలో ఆకురాయి పట్టించడం వృథా అన్న విమర్శ తరచుగా వినిపిస్తుంది. పనిదినాలలో ఆకురాయికి ఎంత భాగం ఇవ్వాలన్నది చర్చించదగినదే. కాని యంత్రం నుంచి వచ్చిన ముక్క 0.05 మిల్లీమీటరు ఎక్కువగా తేలినప్పుడు, పనిముట్టు అరిగిందా, ముక్కను బిగించడంలో లోపముందా, లేక కొలిచినవాడే పొరబడ్డాడా అని తేల్చాల్సింది మనిషే; వైసు ముందు నిలబడి తన ముక్కలోని ఉబ్బుకు తన చేతిలోనే కారణం వెతికిన కుర్రాడు ఆ మూడింటినీ వరుసగా పరీక్షించాకే యంత్రపు అంకెల మీద చేయి వేస్తాడు.