గ్రంథాలయమున జల్లెడ

గ్రంథాలయము అందఱి సొత్తు. అందు పిల్లవాఁడును ప్రవేశించును, వృద్ధుఁడును ప్రవేశించును. పుస్తకములు మాత్రమే యున్న కాలమున పిల్లల బీరువాను వేఱుగ నుంచిన సరిపోయెడిది. ఇంటర్నెట్టు వచ్చిన పిమ్మట ఒక్క యంత్రముననే లోకమంతయు, తన మురికితోఁ గూడ, పాఠకుని యెదుట నిలిచినది. ఈ చిక్కును గూర్చి అమెరికా సంయుక్త రాష్ట్రములలో జరిగిన వాదము మన గృహస్థులు విచారింపఁదగినది.

కాలిఫోర్నియాలోని లివర్మోర్ పట్టణమున 12 ఏండ్ల బాలుఁడు గ్రంథాలయపు కంప్యూటరునుండి అశ్లీల చిత్రములను దింపుకొనెను. తల్లి 1998లో నగరముపై వ్యాజ్యము వేసెను. 2001లో అప్పీలు కోర్టు దానిని త్రోసివేసెను. తీర్పు యెట్లున్నను ఆ తల్లి వేదన బూటకము కాదు. స్వేచ్ఛను కోరువారు మొదట ఈ వేదనకు సమాధానము చెప్పవలెను.

అట్టి పుటలను ఆపు సాఫ్టువేరును ఫిల్టరందురు. మనము జల్లెడ యందము. వర్జీనియాలోని లౌడన్ కౌంటీ గ్రంథాలయమువారు 1997లో ఇట్టి జల్లెడకు విధానమేర్పఱచి, యంత్రములన్నిటికిని దానిని బిగించిరి. ఆగిన పుటను జూడఁగోరు పెద్దవారు సైతము పేరు, టెలిఫోను సంఖ్య, కారణము వ్రాసి యిచ్చి అనుమతి వేఁడవలసి వచ్చెను. పూర్వము తామే గ్రంథాలయమునఁ బనిచేసిన న్యాయమూర్తి లియోనీ బ్రింకెమా 1998లో ఈ నిబంధన చెల్లదని తీర్పు చెప్పిరి.

అయినను 2000 డిసెంబరులో బాలల ఇంటర్నెట్ రక్షణ చట్టము వెలువడెను. ఇంటర్నెట్టు ఖర్చులకు కేంద్రసహాయము పొందు ప్రతి గ్రంథాలయమును జల్లెడ బిగింపవలెను. పెద్దవారు కోరిన దానిని తొలఁగింపవచ్చును. అమెరికా గ్రంథాలయ సంఘము దీనిని ఎదిర్చెను. 2002లో ఫిలడెల్ఫియా కోర్టు సంఘము పక్షము వహించినను, 2003లో సుప్రీము కోర్టు ఆరుగురు న్యాయమూర్తుల మద్దతుతో, ముగ్గురు వ్యతిరేకింపఁగా, చట్టమును నిలిపెను. నేఁటికిని అది అమలులో నున్నది.

ప్రధాన న్యాయమూర్తి రెన్‌క్విస్ట్ వాదములలో రెండు ముఖ్యములు. గ్రంథాలయము అశ్లీల గ్రంథములను కొనదు గనుక అట్టి పుటలను ఆపుటయు తప్పు కాదనునది మొదటిది. కాని గ్రంథమును ఎన్నుకొనువాఁడు గ్రంథపాలకుఁడు. జల్లెడలో నేది యాగవలెనో నిర్ణయించునది వ్యాపారసంస్థ. దాని పట్టిక వ్యాపార రహస్యము. చట్టము నిషేధించినది చిత్రములను మాత్రమే; జల్లెడ అక్షరములను గూడ ఆపును. వేలకొలది నిర్దోషములగు పుటలు ఆగిపోవుచున్నవని ఫిలడెల్ఫియా కోర్టు నిర్ధారించినది.

అడిగిన తొలఁగింతురు గదా, అడుగుటలో సిగ్గు కలిగినను రాజ్యాంగమునకు దానితోఁ బని లేదనునది రెండవది. ఇక్కడనే మేము ఒప్పుకొనఁజాలము. రొమ్మునఁ గంతి లేచిన స్త్రీ, భర్త దెబ్బలకు దారి వెదకు ఇల్లాలు, ఊరి యెదుట నిలిచి తమ ప్రశ్నను బిగ్గరగ చెప్పఁగలరా? అడుగుటకు జంకువారికే గ్రంథాలయము మిక్కిలి యవసరము. ధనవంతుఁడు తన యింటనే, తలుపు మూసికొని, కోరినది చదువుకొనును. అడుగవలసిన భారము బీదవానిపైననే పడును. ఆఁడువారు చదివిన చెడుదురని ఒకనాఁడు మన పెద్దలును వాదించిరి. రక్షణ యను పేర ఎవరి నోరు మూయఁబడునో మనకు వేఱుగ నెవ్వరును చెప్ప నక్కఱలేదు.

అట్లని బాలురను వారి కర్మమునకు వదలుమనుట కాదు. పిల్లల యంత్రములను వేఱు గదిలో, గ్రంథపాలకుని కంటి యెదుట నుంచి, వానికి జల్లెడ బిగింపుఁడు. పెద్దవారి యంత్రమునకు చాటుతెర కట్టి, జల్లెడ కావలెనో వలదో ఆరంభముననే వారినే నిర్ణయించుకొననిండు. కారణ మడుగకుఁడు, చూచినదాని జాబితా దాఁచకుఁడు. ఏ పుట యేల యాగినదో తెలిసికొను హక్కు ప్రజలకుండవలెను.

ఇంతకన్న ముఖ్యము మఱియొకటి. జల్లెడ రాళ్లతోఁ బాటు గింజలను గూడ ఆపును, కొన్ని రాళ్లను జాఱవిడుచును. చెడ్డ పుట కనఁబడినప్పుడు భయపడక వచ్చి తల్లితోనో గ్రంథపాలకునితోనో చెప్పఁగలుగు బిడ్డకు అంతకు మించిన రక్షణ కలదు. అట్టి చనువును ఇంట మనమే కల్పింపవలెను.