ఫొటోకు లేని శిక్ష బొమ్మకు

2016లో టర్కీ ఆగ్నేయ కొసన, సిరియా సరిహద్దును ఒరుసుకుని ఉన్న నుసయ్‌బిన్ పట్టణంలో సైన్యానికీ కుర్దు సాయుధులకూ నెలల తరబడి పోరు నడిచింది. పేటలకు పేటలు నేలమట్టమయ్యాయి. శిథిలాల మీద టర్కీ జెండాలు వేలాడుతున్న ఫొటో ఒకటి ప్రచారంలోకి వచ్చింది. గెలిచినవాళ్లు తమ గెలుపు చాటుకోవడానికి తీసుకున్న ఫొటో అది. కుర్దు చిత్రకారిణి, పాత్రికేయురాలు జెహ్రా దోగాన్ దాన్నే బొమ్మగా గీశారు. కూలిన మేడలు అవే, జెండాలు అవే. సైనిక వాహనాలు మాత్రం మనుషుల్ని మింగే తేళ్ల రూపం ఎత్తాయి. ఉగ్రవాద సంస్థలో సభ్యురాలన్న అభియోగం కోర్టులో నిలవలేదు. కానీ ఆ బొమ్మనూ, సోషల్ మీడియాలో పెట్టిన రాతలనూ చూపించి, ఉగ్రవాద ప్రచారం చేశారంటూ 2017 మార్చిలో 2 సంవత్సరాల 9 నెలల 22 రోజుల జైలుశిక్ష వేశారు. దృశ్యం ఒకటే అయినప్పుడు నేరం దృశ్యంలో లేదు, దాన్ని ఎటువైపు నిలబడి చూశారన్న దాంట్లోనే ఉంది.

స్వయం నిర్ణయాధికారం గురించి మాట్లాడేవాళ్లం మామూలుగా అట్లాసు ముందేసుకుంటాం. 1920 నాటి సెవ్ర్ ఒప్పందం కుర్దులకు సొంత దేశపు ఆశ చూపింది, 1923 నాటి లొజాన్ ఒప్పందం ఆ ఊసే ఎత్తలేదు. 1946లో ఇరాన్‌లో పుట్టిన కుర్దుల మహాబాద్ రిపబ్లిక్ ఏడాది తిరక్కుండానే కూలింది. 2017లో ఇరాకీ కుర్దిస్తాన్ రెఫరెండంలో 92 శాతానికి పైగా స్వాతంత్ర్యానికే ఓటేసినా దేశం రాలేదు సరికదా, నెల తిరక్కముందే కిర్కుక్ నగరం చేజారింది. ఈ లెక్కన చూస్తే కళ చేసిందేమీ లేదు, ఏ బొమ్మా ఏ సరిహద్దునూ అంగుళం జరపలేదు. అయితే సరిహద్దుకు ముందే తేలాల్సిన సంగతి ఒకటుంది: నాకు జరిగినదాన్ని నా మాటల్లో చెప్పుకునే హక్కు నాకుందా, లేదా? ఈ సంగతి కళాకారుల కంటే ముందు ప్రభుత్వాలకే బాగా అర్థమైంది. కాకపోతే టర్కీ 1983లో కుర్దీ భాషలో ప్రచురణలను నిషేధిస్తూ చట్టం ఎందుకు తెస్తుంది? అది 1991 దాకా అమల్లో ఉంది. ఆ తర్వాత కూడా టర్కిష్ లిపిలో లేని క్యూ, డబ్ల్యూ, ఎక్స్ అక్షరాల పేచీ 2013 దాకా సాగింది. నవ్‌రోజ్ పండుగ పేరును డబ్ల్యూతో రాసినందుకు జనం మీద కేసులు పడ్డాయి. అక్షరానికే అంత భయపడిన రాజ్యం బొమ్మను వదులుతుందా? నా వాదన ఇంతే: రాజకీయ కళకు సంబంధం ఈ చెప్పుకునే హక్కుతో. ఆ హక్కుకు అసలు పరీక్ష పరాయి పాలకుడి ముందు కాదు, సొంత పాలకుడి ముందు.

అక్కడికి వెళ్లేముందు దోగాన్ జైల్లో ఎలా పనిచేశారో కొంచెం చూడాలి. రంగులు చేతికి అందనివ్వలేదు కాబట్టి టీ, కాఫీ, దానిమ్మ రసం, వంటింటి సరుకులు, చివరికి నెలసరి రక్తం కూడా రంగులయ్యాయి. పక్షుల ఈకలు కుంచెలయ్యాయి. తువ్వాళ్లు, దుప్పట్లు, చదివేసిన పత్రికలు కాన్వాసులయ్యాయి. బయటి నుంచి స్నేహితురాలు ఒకవైపు ఖాళీగా వదిలి ఉత్తరాలు రాస్తే, ఆ ఖాళీ మీదే 1980 సైనిక కుట్ర తర్వాత చిత్రహింసలకు పేరుమోసిన దియార్‌బకీర్ జైలు కథను బొమ్మల్లో చెప్పుకొచ్చారు. అదే తర్వాత ‘అయిదో నంబరు జైలు’ అనే బొమ్మల పుస్తకమైంది. దీన్ని కష్టాల కథగా చదివి జాలిపడితే సగమే చదివినట్టు. పత్రికలో అచ్చయిన వార్త మీద ఒక స్త్రీ ముఖం గీస్తే అడుగున అధికారిక కథనం కనిపిస్తూనే ఉంటుంది, పైన దానికి జవాబు ఉంటుంది. కింద అచ్చు లేకపోతే ఆ జవాబుకు పదును లేదు. ఆమె బొమ్మలన్నీ గొప్పవని నేననను. ఆ పెద్దపెద్ద కళ్లు బొమ్మ తర్వాత బొమ్మలో వస్తుంటే ఒక దశలో అలవాటైపోతాయి, బాధ మరీ బిగ్గరగా వినిపిస్తుంది. కానీ సామగ్రినే వాదనగా మార్చిన చోట ఆమెకు సాటి వచ్చేవాళ్లు తక్కువ.

ఇది కళ కాదు, సాయుధ సంస్థకు ప్రచారం అనేవాళ్ల మాట తేలిగ్గా తోసేయదగ్గది కాదు. కుర్దు సాయుధ సంస్థ పీకేకే 1984లో తుపాకి పట్టినప్పటి నుంచి 40 వేల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో సైనికులున్నారు, సాయుధులున్నారు, ఏ పక్షానికీ చెందని పల్లెజనమూ ఉన్నారు. నుసయ్‌బిన్ వీధుల్లో కందకాలు తవ్వి పోరును ఇళ్ల మధ్యకు తెచ్చింది సాయుధ యువకులే. దోగాన్ బొమ్మలో ఆ కందకాలు లేవు. ఈ లోటును ఒప్పుకోవాల్సిందే. అయితే ఒకవైపే చూపించడం బొమ్మకు లోపం కావచ్చు గానీ నేరం ఎలా అవుతుంది? ఆ లెక్కన జెండాల ఫొటో కూడా ఒకవైపే చూపించింది. కవిత్వాన్ని కుట్రకు సాక్ష్యంగా చూపిస్తే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. 1974లో సికింద్రాబాద్ కుట్ర కేసులో ముద్దాయిలైన విరసం రచయితలు నిర్దోషులుగా బయటపడేసరికి 1989 వచ్చింది. వాళ్లలో ఒకడైన కవి చెరబండరాజు అప్పటికే లేడు. కాబట్టి కోర్టును పక్కన పెడదాం. బొమ్మలో లేని కందకాల ప్రశ్న మాత్రం ఉండనే ఉంటుంది: ఒక జాతి కళ తనవాళ్ల గురించి ఏం వదిలేస్తోంది?

దీనికి జవాబు ఇరాక్ వైపు దొరుకుతుంది, ఎందుకంటే కుర్దులకు సొంత ప్రభుత్వం ఉన్నది అక్కడ. 1988 మార్చి 16న సద్దాం సేనలు హలబ్జా పట్టణం మీద రసాయన బాంబులు వేస్తే సుమారు 5,000 మంది చనిపోయారు. 2003లో అక్కడ పెద్ద స్మారకం తెరిచారు. ఏటా ఆ రోజున నాయకులు వస్తారు, విదేశీ అతిథులు వస్తారు, ఫొటోలు దిగుతారు, వెళ్లిపోతారు. ఊళ్లో మాత్రం రోడ్లూ నీళ్లూ లేని బాధ ఎప్పటిలాగే ఉండేది. 2006 మార్చి 16న, సరిగ్గా సంస్మరణ రోజునే, ఊరివాళ్లు ఆ స్మారకాన్ని తగలబెట్టారు. కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. తమవాళ్ల జ్ఞాపకాల్ని తామే కాల్చుకోవడం నష్టమే, కాదనను. కానీ మా చావు మీద మీ ఉపన్యాసం వద్దు అని చెప్పడం కూడా స్వయం నిర్ణయమే. అయిదేళ్ల తర్వాత, 2011లో సులేమానియా నగరంలో కుర్దు ప్రాంతీయ ప్రభుత్వ అవినీతి మీద జనం రెండు నెలలపాటు వీధుల్లో నిలబడ్డారు. ఏప్రిల్ 17న ఆ ఊరికే చెందిన కళాకారుడు హివా కె, బాష్పవాయువు మధ్య నడుస్తూ ఒక పాత ఇటాలియన్ కౌబాయ్ సినిమా బాణీని మౌత్ ఆర్గాన్ మీద వాయించాడు. స్నేహితుడు గిటార్ అందుకున్నాడు. ఆ వీడియో పేరు ‘ఈ నిమ్మకాయకు యాపిల్ రుచి’. నిమ్మకాయ బాష్పవాయువుకు విరుగుడుగా జనం వాడేది. యాపిల్, హలబ్జాలో విషవాయువుకు ఉందని బతికినవాళ్లు చెప్పే వాసన. అంత చిన్న పేరులో సద్దాం గ్యాసునూ సొంతవాళ్ల గ్యాసునూ పక్కపక్కన పెట్టాడు. 5,000 శవాలూ వీధిలో మండే కళ్లూ ఒకటేనని కాదు. ఆ శవాల పేరు చెప్పుకుని పాలించేవాళ్లు ఈ కళ్లకు జవాబుదారీ అని.

శత్రువు నాలుగు దిక్కులా ఉన్నప్పుడు ఇంటిగుట్టు రచ్చకెక్కించొచ్చా అని అడుగుతారు. ముందు దేశం రానివ్వండి, తర్వాత తిట్టుకుందాం అంటారు. ఈ ‘తర్వాత’ ఎక్కడ వచ్చిందో చూపించమని నేనడుగుతాను. సులేమానియాలో సద్దాం కాలపు చిత్రహింసల జైలు ఇప్పుడు మ్యూజియం. అందులో ఒక నడవా గోడలకు 1,82,000 అద్దం ముక్కలు అతికించారు, కుర్దుల మీద సద్దాం జరిపించిన అన్ఫాల్ దాడుల్లో చనిపోయారని కుర్దులు చెప్పే సంఖ్య అది. హ్యూమన్ రైట్స్ వాచ్ అంచనా 50 వేల నుంచి లక్ష. ఈ తేడాను మాట్లాడితే మరణించినవారికి అవమానమని కొందరంటారు. నాకలా అనిపించదు. ఆ నడవా మనసును తాకేది అంకె వల్ల కాదు, ప్రతి ముక్కలోనూ చూసేవాడి ముఖం తునకలై కనిపించడం వల్ల. అంకెను ప్రశ్నించినా ఆ గోడ చెక్కుచెదరదు. ప్రశ్నిస్తే చెదిరిపోయే కళను కాపాడి ప్రయోజనమేముంది?

ఇదంతా పడమటి గ్యాలరీల మెప్పు కోసమే అన్న మాటలో కొంత నిజముంది. 2018లో వీధి చిత్రకారుడు బ్యాంక్సీ న్యూయార్క్‌లో ఒక గోడ పొడవునా దోగాన్ జైలు రోజుల్ని గీతల లెక్కగా గీశాకే ప్రపంచంలో చాలామందికి ఆమె పేరు తెలిసింది. ఈ మెప్పును తిప్పికొట్టడం హివా కెకు తెలుసు. ఇరాక్ యుద్ధాల్లో మిగిలిన ఆయుధాల్ని కరిగించే ఒక తుక్కు వ్యాపారి దగ్గర లోహం తీసుకుని, ఇటలీలో దాన్ని చర్చి గంటగా పోతపోయించి, 2015లో వెనిస్ బియెన్నాలే కళా ప్రదర్శనలో పెట్టాడు. ఒకప్పుడు యుద్ధాల కోసం గంటల్ని కరిగించి ఫిరంగులు చేసుకున్న ఖండానికి ఆ లోహం అలా తిరిగి చేరింది. దోగాన్ 2019 ఫిబ్రవరిలో విడుదలై దేశం విడిచారు. అదే ఏడాది లండన్ టేట్ మోడర్న్ ఆమె పనిని ప్రదర్శించింది. నుసయ్‌బిన్‌లో ఆ కూలిన పేటల జాగాలో ఇప్పుడు ప్రభుత్వం కట్టించిన అపార్ట్‌మెంట్లు ఉన్నాయి.