ఫేడర్ మీది వేలు

హైదరాబాద్ వివిధ భారతి 102.8లో పాట వింటుంటే అనౌన్సర్ పడే శ్రమ మన చెవిన పడదు. ఒక పాట సాగుతుండగానే హెడ్‌ఫోన్లో తర్వాతి పాట మొదలు విని సరిచూసుకుంటారు. ఎదుట క్యూషీటు: సినిమా, కవి, సంగీత దర్శకుడు, గాయకులు, నిడివి. పల్లవి చివరిసారి వచ్చేసరికి వేలు ధ్వనిని పెంచి తగ్గించే ఫేడర్ మీదకు చేరుతుంది. మైకు తెరుచుకుని ఎర్రదీపం వెలిగిందా, కాగితం చప్పుడు కూడా వినిపించకూడదు. వార్తలకు మూడు నిమిషాలే ఉంటే నాలుగు నిమిషాల పాట జోలికి పోరు, వాద్యసంగీతంతో సర్దేస్తారు. పాట కోరిన శ్రోతల పేర్లు, ఊళ్ల పేర్లు తడబడకుండా చదువుతారు. తన ఊరి పేరు రేడియోలో విన్న మనిషికి ఆ పూట పండగే. రాసినవారిని, బాణీ కట్టినవారిని, పాడినవారిని పేరుపేరునా తలుచుకుని పాట వినిపించే ఆ మర్యాద ఫోన్లో వినే పాటకు దక్కడం లేదు.